కనుమ దాటాక ఖోర్ ఫక్కాన్

(మఫ్రఖ్ సభ్య కుటుంబాల కూడికలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న పిల్లలకి ఒక మాట. ఇందులో పాటలు లేవు గానీ, మధ్యలో సొరంగాలొస్తాయి. అందాకా కాస్త ఓపిక పట్టండి.

మైకు ముందు నిలబడ్డం నాకిదే మొదలు. కిందటి కూడికలో ప్రసాదం వడ్డిస్తూ, "మేం కారులో ఖోర్ ఫక్కాన్ కొండ మీదికెళ్ళొచ్చాం, నేనే నడిపాను" అని నోరు జారాను. కార్యదర్శి గారు పక్కనే ఉన్నారు. "ఆ సంగతే వచ్చేసారి పదిహేను నిమిషాలు చెప్పమ్మా" అన్నారు. ప్రసాదం పంచేటప్పుడు మాట్లాడకూడదని మా అత్తగారు ఎందుకనేవారో ఇప్పుడర్థమైంది.

అసలు మేం వెళ్ళాల్సింది ఖోర్ ఫక్కాన్‌కి కాదు, ఇటలీకి. మా పెళ్ళయి నిరుడు జూన్‌కి ముప్ఫై ఏళ్ళు నిండాయి. ఆ రోజుకి ఇటలీలో ఉండాలని మావారు మూడేళ్ళుగా విడిగా డబ్బు దాస్తూ వచ్చారు. బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా అబ్బాయి ఒక వీడియో పంపించాడు. రవెల్లో అని ఊరి పేరు. అమాల్ఫీ తీరంలో, సముద్రానికి 350 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంటుంది. కింద నీలం నీళ్ళు, కొండవాలు పొడుగునా మెట్లు మెట్లుగా నిమ్మతోటలు. వాగ్నర్ అనే జర్మన్ సంగీతకారుడు 1880లో అక్కడో పాత భవనం తోట చూసి, తన సంగీత నాటకంలో తోట ఎలా ఉండాలో దొరికిందన్నాడట. ఆ ఒక్క వీడియో మావారు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. అక్కడ కారు అద్దెకు తీసుకుని తనే నడపాలని ఆయన ముచ్చట. ఆ తీరం రోడ్డు మరీ ఇరుకు. రద్దీ ఎక్కువై, 2022 నుంచి వేసవి రోజుల్లో బయటివాళ్ళ కార్లకి సరి సంఖ్య, బేసి సంఖ్య నంబరు ప్లేట్ల పద్ధతి పెట్టారు. "మనకిచ్చే కారు సరో బేసో ముందే ఎలా తెలుస్తుంది?" అని ఈయన నెల రోజులు మథనపడ్డారు.

ఆ చిక్కు తేలకుండానే ఏప్రిల్లో ఒక రాత్రి ఆయనకి గుండెనొప్పి వచ్చింది. దేవుడి దయ, ఆస్పత్రి దగ్గర. స్టెంటు వేశారు. ఇన్సూరెన్సు ఇచ్చింది పోగా మిగతాది ఇటలీ డబ్బే కట్టింది. దాని గురించి ఇంకేం చెప్పను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమందికి అలాంటి కథ ఒకటుంది.

ఆయన కోలుకున్నారు గానీ, స్టీరింగ్ ముందు కూర్చునే ధైర్యం పోయింది. ఇంటి నుంచి ఆఫీసుకి నడుపుతారు. హైవే ఎక్కాలంటే అరచేతులు చెమట్లు పడతాయి. ఇరవై నాలుగేళ్ళుగా ఈ దేశంలో మా ఇంటికి ఒక్కరే డ్రైవరు. ఆయన ఆగిపోతే ఇల్లే ఆగిపోయింది. కూరగాయలకీ, మందులకీ, ఇక్కడికి రావడానికీ ఎవరో ఒకరి కారు అడగాలి. మీరెవరూ విసుక్కోలేదు, నిజమే. అడిగేవాళ్ళకి మాత్రం ప్రతిసారీ గొంతు సర్దుకోవాల్సి వస్తుంది. అందుకని యాభై ఒకటో ఏట నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మూడుసార్లు తప్పి నాలుగోసారి పాసయ్యాను. మూడోసారి తప్పింది మరీ నెమ్మదిగా నడిపానని! అక్టోబర్లో లైసెన్సు చేతికొచ్చింది.

ఇక ప్రయాణం సంగతి. సంక్రాంతికి అబ్బాయి ఫోన్ చేసి, వాళ్ళ నాన్న గొంతులో నీరసం కనిపెట్టాడు. "అమ్మా, ఇటలీలో ఏముంది? కొండ, దానిమీద ఊరు, కింద సముద్రం. అవి మీ దేశంలోనూ ఉన్నాయి కదా, మీరెప్పుడైనా చూశారా?" అన్నాడు. మీ దేశం అన్నాడు, వింటున్నారా? వాడు పుట్టింది ఇక్కడే, మన పాత మఫ్రఖ్ ఆస్పత్రిలో. 2019లో దాని స్థానంలో షేక్ షఖ్‌బూత్ మెడికల్ సిటీ వచ్చింది. ఇక్కడ పుట్టినవాడు ఇది మీ దేశమంటున్నాడు. మేమేమో మా దేశం అదనుకుంటూ ఇరవై నాలుగేళ్ళు ఇక్కడే ఉన్నాం.

ఫోన్ పెట్టేశాక నేను లెక్క వేసుకున్నాను. మఫ్రఖ్ అంటే అరబ్బీలో దారులు చీలే చోటు. ఇక్కణ్ణించి ఒక దారి అబుదాబి ద్వీపంలోకి, ఒకటి దుబాయ్‌కి, ఒకటి అల్ ఐన్‌కి, ఒకటి పడమటికి గువైఫాత్ దాకా, అంటే సౌదీ సరిహద్దు దాకా పోతుంది. ఇన్ని దారుల నడుమ కాపురముండి మేం తిరిగిందెక్కడికి? విమానాశ్రయానికి. ఏడాదికోసారి సెలవు, సెలవంతా ఊరికే. బర్ దుబాయ్ గుడికి అప్పుడప్పుడు, అదీ ఎవరైనా బంధువులొస్తే. తూర్పుతీరం ఒక్కసారి కూడా చూళ్ళేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా. అందుకని కనుమ దాటాక వచ్చిన శనివారం బయల్దేరాం. ముందురోజు రాత్రి పులిహోర కలిపాను, పెరుగన్నం డబ్బాలో పెట్టాను, సంక్రాంతి అరిసెలు ఎలాగూ ఉన్నాయి. మందుల సంచీ రెండుసార్లు సర్దాను. ఆస్పత్రి కాగితాలు ఆయనకి కనబడకుండా నా సీటు కింద పెట్టాను. ఆయన చూశారని తర్వాత తెలిసింది.

పొద్దున ఆరింటికి కిందికి దిగితే పొగమంచు! ఎదురింటి మేడ కూడా ఆనడం లేదు. జనవరిలో ఇక్కడి మంచు మీకందరికీ తెలిసిందే. అబుదాబి రోడ్ల మీద మంచు పట్టినప్పుడు వేగ పరిమితిని గంటకు 80 కిలోమీటర్లకి తగ్గించేస్తారు, బోర్డుల మీద ఆ అంకె వెలుగుతుంది. నాకది దేవుడు పంపిన అంకెలా కనిపించింది. ఎందుకంటే షేక్ మహమ్మద్ బిన్ రషీద్ రోడ్డు మీద పరిమితి 140. 2023లో ఎడమవైపు రెండు లేన్లలో 120కి తక్కువ పోకూడదని కూడా పెట్టారు, 2025 ఏప్రిల్లో ఆ నియమం తీసేశారు. నెమ్మదిగా నడిపి పరీక్ష తప్పినదాన్ని, ఆ వార్త చదివి నేను మొక్కుకోలేదు గానీ, దాదాపు అంతపని చేశాను.

మంచులో వెనక లారీల దీపాలొస్తుంటే మాత్రం ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. మావారు పక్కన కూర్చుని ఏమీ అనలేదు. కుడికాలు మాత్రం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. దుబాయ్ ఊళ్ళోకి పోకుండా ఎమిరేట్స్ రోడ్డు పట్టుకుంటే సాలిక్ గేట్లుండవు. ఆ మలుపు తప్పితే మళ్ళీ ఎక్కడ తిరగాలో తెలియదు. అది దాటాక మంచు విడిపోయింది. ఆయన మొదటిసారి నోరు తెరిచి, "అరిసె ఇస్తావా?" అన్నారు. స్వీటు తినకూడదు. ఒక ముక్క ఇచ్చాను.

షార్జా దాటి ఖోర్ ఫక్కాన్ రోడ్డెక్కాం. ఇది 2019 ఏప్రిల్లో తెరిచిన దారి. పొడవు 89 కిలోమీటర్లు. అంతకుముందు ధైద్, మసాఫీ, ఫుజైరా మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవారు. ఇప్పుడు కొండల్ని తొలిచేసి ఐదు సొరంగాలు వేశారు. పిల్లలూ, వచ్చేశాయి! మొదట ఇసుక కాస్త ఎర్రబడుతుంది, తర్వాత ఇసుక పోయి రాయి మొదలవుతుంది. హజర్ పర్వతాలు. హజర్ అంటేనే రాయి. చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండలు, ముదురాకుపచ్చ చారలు. ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదట. కోట్ల ఏళ్ళ కిందట నేల ఒకదానిమీదికొకటి ఎక్కినప్పుడు సముద్రపు అడుగే పైకి లేచి కొండలైంది. ప్రపంచంలో అలాంటి రాయి ఇంత విస్తారంగా పైకి కనిపించే చోట్లు అరుదట. భూమిని శాస్త్రంగా చదివేవాళ్ళు దేశదేశాల నుంచీ ఇక్కడికి, పక్కన ఒమన్‌కి వస్తారు. మనం మూడు గంటల దూరంలో ఉండి రాం.

సొరంగంలోకి పోగానే నేను కళ్ళద్దాలు తియ్యడం మర్చిపోయాను. నల్లద్దాలు. ఒక్క క్షణం ఏమీ కనబళ్ళేదు. "అద్దాలు!" అని ఈయన అరిచారు. అంతసేపూ ఆయన అన్న గట్టిమాట అదొక్కటే.

రఫీసా డ్యామ్ దగ్గర ఆగాం. కొండల మధ్య పచ్చటి చెరువు, పెడల్ పడవలు, పక్కనే టీకొట్టు. కరక్ చాయ్ తాగి పులిహోర తిన్నాం. పక్క బల్ల మీద పాకిస్తానీ కుటుంబం. పులిహోర వాసనకి వాళ్ళ పాప తొంగి చూసింది. ఒక గిన్నెడు ఇస్తే వాళ్ళు కబాబులు ఇవ్వబోయారు. మేం తినమని చెప్పడానికి కష్టపడ్డాం. చివరికి దానిమ్మకాయతో రాజీ కుదిరింది.

చివరి సొరంగం దాటి కొద్దిదూరం పోయాక సముద్రం. మనకి అబుదాబిలో కనిపించే సముద్రం వేరు, ఇది వేరు. మనది లోతు లేని నీళ్ళు, పళ్ళెంలో పోసినట్టుంటాయి. అక్కడిది ఒమన్ సింధుశాఖ. లోతైన నీళ్ళు నేరుగా అరేబియా సముద్రంలోకి తెరుచుకుని ఉంటాయి. కాకినాడలో పెరిగినదాన్ని, అలల చప్పుడుకి కారు దిగి పది నిమిషాలు కదల్లేదు.

ఊరి సంగతి కొంచెం చెప్తాను. ఖోర్ ఫక్కాన్ షార్జా ఎమిరేట్‌లోదే, కానీ షార్జాకి దూరంగా, చుట్టూ ఫుజైరా ఎమిరేట్ ఉండగా విడిగా ఉంటుంది. పేరుకి రెండు దవడల నడుమ నీరు అని అర్థం చెబుతారు. పైనుంచి చూస్తే నిజంగానే రెండు కొండలు రెండు దవడల్లా ఉంటాయి, మధ్యలో ఓడలు. 1507లో పోర్చుగీసు ఆల్బుకెర్క్ ఈ రేవు మీద పడి ఊరు తగలబెట్టాడు. మూడేళ్ళకి, 1510లో గోవాని పట్టుకున్నది ఆయనే. చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో ఆ పేరు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను, దారిలో ఏం తగలబెట్టాడో ఎవరూ చెప్పలేదు. మా అబ్బాయి వెతికి ఇంకొకటి పంపించాడు. 1580లో వెనిస్ నుంచి గాస్పరో బాల్బి అనే రత్నాల వర్తకుడు ఇటువైపు వచ్చి, ఈ తీరంలో తను విన్న ఊళ్ళ పేర్లలో దీన్నీ రాసుకున్నాడట. మావారు నవ్వి, "మనం ఇటలీ వెళ్ళలేదని ఇటలీవాడే ముందొచ్చి కూర్చున్నాడు" అన్నారు. పైగా రేవు దగ్గర రోమన్ల పద్ధతిలో రాతిమెట్ల రంగస్థలం ఒకటి కొత్తగా కట్టారు. ఆయన మెట్లు ఎక్కనన్నారు, నేను ఎక్కించలేదు. కింది మెట్టు మీద కూర్చుని ఫోటో తీసుకున్నాం. చూసినవాళ్ళు ఇటలీ అనే అనుకుంటారు.

మధ్యాహ్నం అక్కడికి దగ్గరే, ఫుజైరా ఎమిరేట్‌లో ఉన్న బిదియాకి వెళ్ళాం. చిన్న మట్టి మసీదు. రాయి, మట్టి ఇటుకలతో కట్టి పైన పూత పూశారు. కట్టింది 1446 ప్రాంతమని పరీక్షల్లో తేల్చారు. పైకప్పుకి నాలుగు గుమ్మటాలు. నాలుగింటి బరువూ మోసేది లోపల నట్టనడుమ ఒక్క స్తంభం. మావారు పాతికేళ్ళకు పైగా కట్టడాల్లో పనిచేసిన మనిషి. బయట నిలబడి ఆ గుమ్మటాల్ని చాలాసేపు చూశారు. "ఒక్క స్తంభం. ఐదొందల ఎనభై ఏళ్ళు" అన్నారు. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

సాయంత్రం కొండెక్కాం. పైన అల్ సుహూబ్ అని విశ్రాంతి గృహం ఉంది. సుహూబ్ అంటే మేఘాలు. 2021లో తెరిచారు. సముద్రానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు, అంటే ఆ రవెల్లోని మించిన ఎత్తు. ఐదారు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సులో కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని నేను. ఇక్కడ మూసుకోవడానికి లేదు! ఎక్కడం తేలికే, ఇంజను గోల పెడుతుందంతే. పైకి చేరి కారు ఆపాక నా కాళ్ళు వణకడం మొదలైంది.

పైన గుండ్రటి కట్టడం, చుట్టూ నడిచే దారి. ఒక పక్క ఎండిన కొండలు ఒకదాని వెనక ఒకటి. ఇంకో పక్క కింద ఊరు, రేవు, క్రేన్లు, వాటి అవతల సముద్రం. చల్లటి గాలి. నేను శాలువా తీసి ఆయనకి కప్పాను. అప్పుడు చెప్పారు. ఆయన ఉద్యోగం మే నెలాఖరుతో అయిపోతోందని. నవంబర్లోనే చెప్పారట. రెండు నెలలు నాకు చెప్పలేదు.

నాకు ఎంత కోపం వచ్చిందో మీకు చెప్పినా తెలియదు. ఉద్యోగం పోవడం మీద కాదు, దానికి వయసొచ్చింది. సంక్రాంతికి పట్టుచీర కొన్నాను, కొత్త ఫ్రిజ్‌కి వాయిదాలు కట్టడం మొదలెట్టాను, పక్కన కూర్చుని చూస్తూ ఊరుకున్నారు! "పదండి, పోదాం" అన్నాను. టీ కూడా తాగలేదు.

ఆ కోపంతో కొండ దిగాను. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తియ్యలేదు. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన. నాకు అర్థం కాలేదు, ఎక్కడో చెత్త కాలుస్తున్నారనుకున్నాను. తర్వాతి మలుపులో పెడల్ మెత్తగా కిందికి పోయింది. ఆయన స్టీరింగ్ జోలికి రాలేదు. గొంతు కూడా పెంచలేదు. "కాలు తీసి తీసి తొక్కు. గేరు లివరు పక్కకి తొయ్యి. ఒక గేరు తగ్గించు. ఇంకొకటి తగ్గించు. ఆ కుడివైపు జాగాలో ఆపు" అన్నారు. ఇంజను గట్టిగా మోగి కారు నెమ్మదించింది. ఆపాను. చక్రాల దగ్గర వేడి ఆవిరిలా కొడుతోంది.

ఇది మాత్రం అందరూ వినాలి, ముఖ్యంగా కొత్తగా లైసెన్సు తీసుకున్న ఆడపిల్లలు. మన బల్లపరుపు రోడ్ల మీద ఎన్నేళ్ళు నడిపినా ఇది తెలియదు. కొండ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా తొక్కి పట్టుకుంటే అది కాగిపోయి పట్టు తప్పుతుంది. ఆటోమేటిక్ కారైనా సరే గేరు తగ్గించాలి, వేగాన్ని ఇంజనే పట్టుకుంటుంది. కాగితే ఆగి చల్లారనివ్వాలి, నీళ్ళు పొయ్యకూడదు. జబల్ జైస్ అయినా, జబల్ హఫీత్ అయినా ఇంతే.

అరగంట ఆగాం. చీకటి పడింది, కింద రేవు దీపాలు వెలిగాయి. నేను ఆయన నాడి పట్టుకుని చూశాను. నాదే ఎక్కువ కొట్టుకుంటోంది. "ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను. "లైసెన్సొచ్చి నెలే అయింది. చెబితే ఇంకెందుకు, కారు అమ్మేద్దామంటావు. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోవు. ఊళ్ళో మనకి రేపు ఎవరు నడుపుతారు? నేనా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. నిజంగానే అమ్మేద్దామని ఉండేదాన్ని. కాసేపాగి, "ఇరవై నాలుగేళ్ళు తిండి పెట్టిన ఊరు, ఒక్కసారి పైనుంచి చూసి పోదామనిపించింది" అన్నారు. అరిసెల డబ్బా అప్పుడు తీశాను. ఈసారి ముక్క కాదు, సగం ఇచ్చాను. డాక్టరు గారు ఈ సభలో లేరు కదా.

మిగతా దారంతా తక్కువ గేర్లో దిగాం. వెనక కార్లు హారన్లు కొట్టాయి, కొట్టనీ అనుకున్నాను.

రాత్రి అక్కడే చిన్న హోటల్లో ఉన్నాం. తెల్లవారుజామున ఆయనే లేపారు. ఈ దేశంలో సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూడాలంటే ఆ తూర్పుతీరానికే పోవాలి. మన వైపు సముద్రంలోకి దిగడమే చూస్తాం. ఇసుకలో నిలబడి ఇద్దరం సూర్యనమస్కారం చేసుకున్నాం. కాకినాడ తీరంలో మా నాన్నగారితో నిలబడ్డట్టే ఉంది. ఒక కేరళ జాలరి వల సర్దుకుంటూ మావైపు చూసి తనూ చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. రానూపోనూ ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు. దారిలో చివరి గంట ఆయన నిద్రపోయారు. నేను నడుపుతుంటే ఆయన కునుకు తియ్యడం అదే మొదటిసారి. లేని బ్రేకు మీద కాలు లేదు. సోమవారం గ్యారేజీలో బ్రేకు ప్యాడ్లు మార్పించాం.

మే నెలాఖరుకి టిక్కెట్లు తీసుకోవాలి. సామాను సంగతి, ఫ్రిజ్ సంగతి తర్వాత చూస్తాం. ఫ్రిజ్ ఎవరికైనా కావాలంటే సభ అయ్యాక నన్ను కలవండి, మూడు నెలలదే. ఈలోగా ఇంకా కొన్ని శనివారాలున్నాయి. వచ్చే శనివారం అల్ ఐన్ మీదుగా జబల్ హఫీత్, తర్వాత లివా ఇసుకతిన్నెలు అనుకున్నాం. కారులో వెనక సీట్లు ఖాళీ. కారు లేనివాళ్ళు, ముఖ్యంగా ఎవరినీ అడగలేక ఊరుకునే వదినలు, ముందు చెప్పండి. పొద్దున ఆరింటికల్లా కిందికి దిగాలి. పులిహోర నేను తెస్తాను, పెరుగన్నం ఎవరైనా తెండి.